రహదారుల ఎత్తుపల్లాలు – నిలువు వంపుల లెక్క



ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోను చేసినప్పుడు మాకు మొదట కవిత రాద్దామనిపించింది. కానీ ఆయన, "కవితలు చాలా వచ్చాయయ్యా, నువ్వు చదివే చదువులోంచి ఒక పాఠం రాయి, పిల్లలకు ఉపయోగపడుతుంది" అన్నారు. మేము ప్రస్తుతం ఎం.టెక్.లో రవాణా ఇంజనీరింగ్ చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసినది మాతోనే మొదలు. మా నాన్న రోడ్డు పనుల్లో మట్టి తట్ట, కంకర తట్ట మోసిన కూలీ. ఆయన మోసి వేసిన రోడ్ల గురించే మేము పుస్తకాల్లో చదువుకుంటున్నాము. కాబట్టి రోడ్డు మీదే ఒక పాఠం రాస్తున్నాము.

పాఠానికి ముందు ఒక సంగతి చెప్పాలి. మన హాస్టల్ నుంచి హైస్కూలుకు పోయే దారిలో మేజరు కాలువ మీద వంతెన ఉన్నదని మీకు తెలుసు. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం కామాటి బాబాయి సంత నుంచి సైకిలు మీద కూరగాయలు తెస్తున్నాడు. వంతెన ఎక్కి ఇటు దిగగానే వెనక కట్టిన గోనెసంచి జారి పడింది. ఆయన సైకిలు స్టాండు వేసి, కింద కూర్చుని టమాటాలు ఏరుకుంటున్నాడు. వెనకాలే వంతెన ఎక్కి దిగిన కారు ఆయనను కొట్టింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ కాలు మునుపటిలా కాలేదు. ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఎవరమూ పుస్తకం తెరవలేదు.

"రోడ్డు మీద కూర్చుంటే కొట్టక ఏం చేస్తారు?" అన్నవారు ఉన్నారు. "డ్రైవరు తాగి ఉంటాడు" అన్నవారూ ఉన్నారు. డ్రైవరు మాత్రం ఏడుస్తూ ఒకటే మాట అన్నాడు: "60 మీద వస్తున్నాను సార్. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది. మనిషి కనపడలేదు." కామాటి బాబాయి కూడా, "నాకూ కారు కనపడలేదు" అన్నాడు.

ఇద్దరూ నిజమే చెప్పారా? ఈ ప్రశ్నకు జవాబు మాకు ఎనిమిదేళ్ల తరువాత ఎం.టెక్. క్లాసులో, నల్లబల్ల మీద దొరికింది. ఆ పాఠమే ఇది.

నిలువు వంపు అంటే ఏమిటి?

రోడ్డుకు రెండు రకాల వంపులు ఉంటాయి. కుడికీ ఎడమకీ తిరిగే మలుపులు ఒక రకం. తిరుమల ఘాట్ రోడ్డులోనో, శ్రీశైలం ఘాట్ రోడ్డులోనో బస్సులో పోయినవారికి వీటి గురించి వేరే చెప్పనక్కరలేదు. రెండో రకం పైకీ కిందకీ తిరిగే వంపులు. రోడ్డు ఒక వాలులో ఎక్కుతూ ఉంటుంది, తరువాత మరొక వాలులో దిగుతుంది. ఆ రెండు వాలులూ కలిసే చోట మొన తేలకుండా నున్నగా కలిపే వంపునే నిలువు వంపు అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో వర్టికల్ కర్వ్ అని ఉంటుంది.

ఇవి మళ్లీ రెండు విధాలు. మిట్ట మీద ఉండేది శిఖర వంపు. పల్లంలో ఉండేది లోయ వంపు. తలకిందులుగా బోర్లించిన పళ్లెంలాంటిది మొదటిది, మామూలుగా పెట్టిన పళ్లెంలాంటిది రెండోది అనుకుంటే గుర్తుంటుంది.

మలుపు అందరి కంటికీ కనిపిస్తుంది. నిలువు వంపు మాత్రం కనిపించదు. పైగా అవతల ఉన్నదాన్ని దాచిపెడుతుంది. దీని రూపకల్పనలో ముఖ్యమైన విషయం ఇదే.

వాలును ఎలా చెబుతారు?

30 మీటర్లు ముందుకు పోయేసరికి రోడ్డు ఒక మీటరు పైకి లేస్తే దాన్ని "30కి 1" వాలు అంటారు. శాతంలో చెబితే 3.3. మన దేశంలో రోడ్ల ప్రమాణాలను తయారుచేసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. 1927లో ఏర్పడిన జయకర్ కమిటీ సిఫారసుల ఫలితంగా 1934 డిసెంబరులో ఇది పుట్టింది. ఆ సంస్థ 1980లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాల్లో రోడ్డు వాలు మామూలుగా 30కి 1 మించకూడదు. తప్పనిసరి అయితే 20కి 1, మరీ గత్యంతరం లేనిచోట కొద్ది దూరం 15కి 1 వరకు పోవచ్చు. మేము క్లాసులో ఈ అంకెలతోనే లెక్కలు చేశాము. ఈ వ్యాసంలోని మిగతా అంకెలు కూడా ఆ పాఠ్యపుస్తకాలలోనివే.

ఎక్కే వాలును ప్లస్ అని, దిగే వాలును మైనస్ అని రాస్తారు. రోడ్డు 3 శాతం ఎక్కి 2 శాతం దిగితే వాలుల తేడా ఎంత? ఒక్క శాతం అని చాలామంది తొందరపడి రాస్తారు. మేమూ మొదటి పరీక్షలో అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాము. ప్లస్ 3 లోంచి మైనస్ 2 తీసివేస్తే 5. అంటే 0.05. ఏడో తరగతి పూర్ణాంకాల పాఠం ఎం.టెక్.లోనూ వదలదు అని తమ్ముళ్లు గమనించాలి. ఈ తేడాను ఇకమీద 'ఎన్' అందాము. వంపు పొడవును 'ఎల్' అని, చూపు దూరాన్ని 'ఎస్' అని అందాము.

చూపు దూరం

చూపు దూరం అంటే డ్రైవరుకు తన ముందు రోడ్డు మీద ఉన్న వస్తువు ఎంత దూరం నుంచి కనిపిస్తుంది అన్నది. ఆ వస్తువు కనిపించిన తరువాత బండి ఆగేలోపు రెండు పనులు జరగాలి.

మొదటిది, డ్రైవరు చూడాలి, అది ఏమిటో గ్రహించాలి, బ్రేకు తొక్కాలని నిర్ణయించాలి, కాలు బ్రేకు మీదకు పోవాలి. దీనికి 2.5 సెకన్లు ఇస్తారు. ఈలోపు బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. 2.5 సెకన్లలో దాదాపు 42 మీటర్లు పోతుంది.

రెండోది, బ్రేకు పడిన తరువాత బండి జారుతూ పోయి ఆగే దూరం. దీనికి సూత్రం: వేగం × వేగం ÷ (254 × పట్టు). పట్టు అంటే టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ గుణకం. 60 కిలోమీటర్ల వేగానికి అది 0.36. 254 ఎక్కడిది అని అడగాలి. అది గురుత్వ త్వరణం 9.81ని రెండుతో గుణించి, కిలోమీటర్ల వేగాన్ని మీటర్లలోకి మార్చడానికి 3.6తో రెండుసార్లు గుణిస్తే వచ్చే అంకె. లెక్క వేస్తే 3600 ÷ 91.4, అంటే సుమారు 39 మీటర్లు.

42కు 39 కలిపితే 81. పట్టికలో 80 మీటర్లుగా ఇచ్చారు. ఇదే పద్ధతిలో 40 కిలోమీటర్ల వేగానికి 45 మీటర్లు, 65కు 90 మీటర్లు, 100కు 180 మీటర్లు కావాలి. వేగం 40 నుంచి 100కు, అంటే రెండున్నర రెట్లు పెరిగితే ఆగే దూరం నాలుగు రెట్లు పెరిగింది. మోటారు సైకిలు నడిపే అన్నలు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవవలసిందిగా మనవి.

4.4 ఎక్కడి నుంచి వచ్చింది?

శిఖర వంపు పొడవుకు పుస్తకంలో ఉండే సూత్రం ఇది:

ఎల్ = ఎన్ × ఎస్ × ఎస్ ÷ 4.4

మేము బి.టెక్.లో దీన్ని బట్టీ పట్టి పరీక్ష రాశాము. 4.4 ఎందుకో అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో అన్న సంకోచం మనలాంటివాళ్లకు మొదటి నుంచీ ఉంటుంది. ఎం.టెక్.లో అడిగాము. మా ప్రొఫెసర్ గారు సుద్దముక్క మా చేతికే ఇచ్చి, "నువ్వే కనుక్కో" అన్నారు.

కనుక్కోవడానికి వంపు ఆకారం తెలియాలి. శిఖర వంపును పారాబోలా ఆకారంలో వేస్తారు. విసిరిన బంతి గాలిలో పోయే దారి లాంటిది. దీని గుణం ఏమిటంటే, వంపు మీద ఏ బిందువు దగ్గరైనా ఒక సరళరేఖను తాకించి గీస్తే, ఆ బిందువు నుంచి దూరం పోయేకొద్దీ రోడ్డు ఆ రేఖకు దిగువకు పోతుంది. ఎంత దిగువకు అంటే: ఎన్ × దూరం × దూరం ÷ (2 × ఎల్).

ఇప్పుడు మిట్టకు ఒక వైపున డ్రైవరు కన్ను ఉంది. రోడ్డు నుంచి దాని ఎత్తు 1.2 మీటర్లుగా తీసుకుంటారు. మరో వైపున రోడ్డు మీద ఒక వస్తువు ఉంది. దాని ఎత్తు 0.15 మీటర్లు, అంటే 15 సెంటీమీటర్లు. రోడ్డు మీద పడిన రాయి అనుకోండి. డ్రైవరు చూపు మిట్ట నెత్తిని ఒరుసుకుంటూ పోయి ఆ రాయి కొనను తాకాలి. అంటే ఒరుసుకున్న చోటు నుంచి ఇటు 1.2 మీటర్ల దిగుడు వచ్చేంత దూరం, అటు 0.15 మీటర్ల దిగుడు వచ్చేంత దూరం, రెండూ కలిపితే చూపు దూరం. ఆ రెండు దూరాలను కలిపి వర్గం చేస్తే కింద మిగిలేది: 2.4 వర్గమూలం, 0.3 వర్గమూలం కలిపి, ఆ మొత్తానికి వర్గం. 1.549కి 0.548 కలిపితే 2.097. దాని వర్గం 4.4.

అంటే 4.4 అన్నది ఆకాశం నుంచి ఊడిపడిన అంకె కాదు. డ్రైవరు కన్ను ఎంత ఎత్తులో ఉంది, అతను చూడవలసింది ఎంత చిన్నది అన్న రెండు విషయాలు అందులో దాగి ఉన్నాయి. ఎదురెదురుగా వచ్చే ఇద్దరు డ్రైవర్లు ఒకరినొకరు చూసుకోవాలంటే రెండు ఎత్తులూ 1.2 అవుతాయి. అప్పుడు 4.4 బదులు 9.6 వస్తుంది. ఓవర్‌టేక్ చేయడానికి వాడే సూత్రంలో ఉన్నది అదే.

అమెరికాలో 2001 నుంచి కన్ను ఎత్తు 1.08 మీటర్లు, వస్తువు ఎత్తు 0.60 మీటర్లుగా తీసుకుంటున్నారు. ముందు పోయే కారు వెనక దీపం కనిపిస్తే చాలునని వారి ఆలోచన. అంతకు ముందు వారు కూడా 15 సెంటీమీటర్లే తీసుకునేవారు. సూత్రం గణితమే, కానీ రోడ్డు మీద ఉన్న ఎంత చిన్న వస్తువును లెక్కలోకి తీసుకోవాలి అన్నది మనుషులు చేసే నిర్ణయం.

వంపు పొడవు కంటే చూపు దూరమే ఎక్కువగా ఉంటే పై సూత్రం పనిచేయదు. అప్పుడు వాడేది:

ఎల్ = 2 × ఎస్ – (4.4 ÷ ఎన్)

ఒక ఉదాహరణ

రోడ్డు 3 శాతం ఎక్కి 2 శాతం దిగుతుంది. వేగం గంటకు 65 కిలోమీటర్లు. ఎన్ 0.05, ఎస్ 90 మీటర్లు. ఎల్ = 0.05 × 8100 ÷ 4.4 = 92 మీటర్లు. ఇది 90 కంటే ఎక్కువ కాబట్టి మొదటి సూత్రమే సరైనది. కట్టడానికి వీలుగా 100 మీటర్లు తీసుకుందాము.

వంపు మొదలయ్యే చోట రోడ్డు మట్టం 100.000 మీటర్లు అనుకుంటే, ప్రతి 20 మీటర్లకూ మట్టాలు ఇలా వస్తాయి:

0 మీటర్ల వద్ద – 100.000
20 మీటర్ల వద్ద – 100.500
40 మీటర్ల వద్ద – 100.800
60 మీటర్ల వద్ద – 100.900
80 మీటర్ల వద్ద – 100.800
100 మీటర్ల వద్ద – 100.500

లెక్కించే పద్ధతి: వాలు ప్రకారం ఎక్కవలసిన ఎత్తులోంచి వంపు వల్ల దిగిన ఎత్తును తీసివేయాలి. 40 మీటర్ల వద్ద ఎక్కుడు 1.2 మీటర్లు. దిగుడు 0.05 × 1600 ÷ 200, అంటే 0.4. తేడా 0.8.

అన్నిటికంటే ఎత్తైన చోటు 60 మీటర్ల దగ్గర వచ్చింది, సరిగ్గా మధ్యలో రాలేదు. ఎక్కుడు వాలు ఎక్కువ, దిగుడు వాలు తక్కువ కాబట్టి నెత్తి దిగుడు వైపుకు జరిగింది. ఇప్పుడు వరుస మట్టాల తేడాలు చూడండి: 0.5, 0.3, 0.1, మైనస్ 0.1, మైనస్ 0.3. ప్రతిసారీ సరిగ్గా 0.2 తగ్గుతోంది. పారాబోలా ఎందుకు వాడతారో ఇందులో ఉంది. వాలు ఒక్కసారిగా కాకుండా సమానంగా మారుతుంది, లెక్క కూడా కూడికలు తీసివేతలతో అయిపోతుంది. మీరు వేసిన లెక్క తప్పో ఒప్పో తెలుసుకోవడానికి కూడా ఇదే దారి. తేడాల తేడా ఎక్కడైనా మారితే అక్కడ తప్పు ఉన్నట్టే.

ఈ పట్టిక మా నాన్నకు చూపించి చెప్పాము. ఆయన చదువుకోలేదు. విని, "మా మేస్త్రి టీ ఆకారం కర్రలు మూడు పాతించి, ఒక కన్ను మూసి చూసి, ఇక్కడ జానెడు చెక్కు, అక్కడ రెండు తట్టలు పొయ్యి అనేవాడు. అది ఇదేనన్నమాట" అన్నాడు. అది ఇదే.

లోయ వంపు

పల్లంలో పగటిపూట చూపుకు అడ్డం ఉండదు. అవతలి గట్టు దాకా కనిపిస్తుంది. చిక్కంతా రాత్రిపూట. హెడ్‌లైటు వెలుగు నేరుగా పోతుంది, రోడ్డు మాత్రం పైకి లేస్తుంది. కాబట్టి వెలుగు కొద్ది దూరంలోనే రోడ్డుకు తగిలి ఆగిపోతుంది. హెడ్‌లైటు ఎత్తు 0.75 మీటర్లు, వెలుగు ఒక డిగ్రీ పైకి చిమ్ముతుంది అని తీసుకుంటే వచ్చే సూత్రం:

ఎల్ = ఎన్ × ఎస్ × ఎస్ ÷ (1.5 + 0.035 × ఎస్)

0.75కు రెట్టింపు 1.5. ఒక డిగ్రీ టాంజెంటు 0.0175, దానికి రెట్టింపు 0.035. ఇక్కడ కూడా ప్రతి అంకెకూ ఒక ఇంటిపేరు ఉంది చూడండి.

పల్లంలో ఇంకొక ఇబ్బంది కుదుపు. బస్సు వేగంగా పల్లంలో దిగి లేచేటప్పుడు మన బరువు సీటు మీద ఒక్కసారిగా పెరిగినట్టు ఉంటుంది. అది నెమ్మదిగా పెరిగేలా వంపు పొడవు ఉండాలి. దానికి సూత్రం 0.38 × (ఎన్ × వేగం ఘనం) వర్గమూలం. ఎన్ 0.05, వేగం 60 అయితే కుదుపు లెక్కకు 40 మీటర్లు చాలు. హెడ్‌లైటు లెక్కకు మాత్రం 74 మీటర్లు కావాలి. (ఇక్కడ వంపు 80 మీటర్ల చూపు దూరం కంటే చిన్నది. కాబట్టి రెండింతల ఎస్ లోంచి తీసివేసే రెండో రకం సూత్రం వాడాము.) రెండిటిలో పెద్దదే తీసుకోవాలి. ఒళ్లు అలవకపోతే చాలునని 40 మీటర్లకు ఆపితే రాత్రి ప్రమాదం తప్పదు.

లోయ వంపులో అన్నిటికంటే పల్లమైన చోటును కూడా లెక్కగట్టి అక్కడే నీరు పోవడానికి తూమో కల్వర్టో పెట్టాలి. పది మీటర్లు పక్కకు పెడితే వానాకాలం రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి, తారు లేచిపోతుంది.

మన కాలువ వంతెన

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. పోయిన వేసవి సెలవుల్లో వార్డెన్ గారికి చెప్పి, మేమూ మా నాన్నా మరో ఇద్దరు పూర్వ విద్యార్థులూ తెల్లవారుజామున వంతెన దగ్గరకు పోయాము. రెండు వైపులా ఇద్దరు ఎర్ర గుడ్డలు పట్టుకుని నిలబడ్డారు. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో మట్టాలు, టేపుతో దూరాలు కొలిచాము. వాలు రెండు వైపులా దాదాపు 20కి 1. అంటే ఇటు 5 శాతం, అటు 5 శాతం. ఎన్ 0.10. మీద గుండ్రంగా ఉన్న భాగం 30 మీటర్లు.

రెండో సూత్రాన్ని తిరగేస్తే చూపు దూరం = (30 + 44) ÷ 2 = 37 మీటర్లు.

తరువాత నిజంగానే చూశాము. 1.2 మీటర్ల కర్ర ఒకటి, వస్తువు కోసం జామెట్రీ బాక్సులోని స్కేలు ఒకటి. ఆ స్కేలు పొడవు సరిగ్గా 15 సెంటీమీటర్లు. స్కేలును అవతల రోడ్డు మీద నిలబెట్టి, కర్ర కొన దగ్గర కన్ను పెట్టి చూస్తూ వెనక్కు జరిగాము. మూడుసార్లు చూస్తే 36కూ 39కీ మధ్య దూరంలో స్కేలు కనుమరుగైంది. పుస్తకంలోని సూత్రం మన ఊరి వంతెన మీద నిజం కావడం చూసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఏ మార్కుల కాగితమూ ఇవ్వలేదు. ఆ సంతోషం వెంటనే పోయింది కూడా. ఎందుకంటే 60 మీద వచ్చే బండి 37 మీటర్లను 2.2 సెకన్లలో దాటేస్తుంది. డ్రైవరు కాలు బ్రేకు మీద పడటానికి ఇచ్చిన సమయం 2.5 సెకన్లు. అంటే రోడ్డు మీద రాయి ఉంటే బ్రేకు పడకముందే బండి దాన్ని కొడుతుంది.

కామాటి బాబాయి రాయి కాదు, మనిషి. కింద కూర్చుని వంగి ఏరుకుంటున్న మనిషి ఎత్తు 0.6 మీటర్లు అనుకుందాము. అప్పుడు 4.4 బదులు 7 వస్తుంది. చూపు దూరం (30 + 70) ÷ 2 = 50 మీటర్లు. అందులో 42 మీటర్లు కాలు కదిలేలోపే పోయాయి. బ్రేకుకు మిగిలింది 8 మీటర్లు. కావలసింది 39. ఎక్కుడు వాలు వల్ల నాలుగైదు మీటర్లు కలిసివచ్చినా దిగుడులో అది పోతుంది.

కాబట్టి ఇద్దరూ నిజమే చెప్పారు. డ్రైవరు తప్పు అసలే లేదని మేము అనడం లేదు. కనిపించినంత దూరంలో ఆగగలిగిన వేగంతోనే ఎవరైనా పోవాలి. ఆ వంతెన మీద ఆ వేగం గంటకు 35 కిలోమీటర్లు. కానీ ఆ మాట అతనికి చెప్పే బోర్డు అక్కడ లేదు. ఎదురుగా రోడ్డు మాత్రం ఖాళీగా కనిపించింది.

ఎంత మట్టి తగ్గింది?

60 కిలోమీటర్ల వేగానికి ఆ వంతెన మీద వంపు ఎంత పొడవు ఉండాలి? 0.10 × 6400 ÷ 4.4 = 145 మీటర్లు. ఉన్నది 30.

దీనికి ఖర్చు ఎంత ఎక్కువ అవుతుందో కూడా చూశాము. వంతెన నెత్తి పొలం కంటే రెండున్నర మీటర్లు ఎత్తు. ఇప్పుడున్న పొట్టి వంపుతో ఒక్కో వైపు 57.5 మీటర్ల పొడవున కట్ట పోస్తే రోడ్డు నేలకు దిగుతుంది. 145 మీటర్ల వంపు వేయాలంటే ఒక్కో వైపు దాదాపు 86 మీటర్లు పోయాలి. (కింద లోయ వంపును ఇందులో కలపలేదు.) తేడా ఒక్కో వైపు 29 మీటర్లు. అంత దూరం అదనపు మట్టి, దానికి తగ్గ స్థలం. మా నాన్న ఆ 29 మీటర్లను అడుగులతో కొలిచి చూసి, "ఇలాంటి కట్టలు ఎన్ని పోశానో లెక్కలేదు. ఎక్కడిదాకా పొయ్యమంటే అక్కడిదాకా పోశాం. ఇంకో పది రోజుల కూలీ వస్తుందంటే మేం వద్దంటామా?" అన్నాడు.

ఆ వంతెన కట్టిన రోజుల్లో ఎడ్లబండ్లు, సైకిళ్లు తిరిగేవి. వాటికి 37 మీటర్ల చూపు ఎక్కువే. తరువాత రోడ్డు మీద తారు వేశారు, బండ్ల వేగం పెరిగింది, వంతెన మాత్రం పాతదే ఉండిపోయింది. రోడ్డు నున్నగా చేసినప్పుడు వంపును కూడా తిరిగి లెక్కగట్టాలి అన్నది ఈ పాఠంలో మేము నేర్చుకున్నది.

ముగింపు

ఈ లెక్కలన్నీ రెండు కాగితాల మీద రాసి, పటం గీసి, పూర్వ విద్యార్థులందరి సంతకాలతో సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చాము. నాలుగు నెలలకు రెండు వైపులా 30 కిలోమీటర్ల వేగ పరిమితి బోర్డులు, నడుమ తెల్లగీత వచ్చాయి. వంతెన అలాగే ఉంది. తమ్ముళ్లు దాని మీద సైకిలు ఆపవద్దు, మిట్ట దాటిన వెంటనే పక్కనున్న మట్టి బాటలోకి దిగండి. రాత్రిపూట సైకిలు వెనక ఎర్ర రిఫ్లెక్టరు లేకుండా పోవద్దు.

అర్జీ ఇచ్చిన రోజు సాయంత్రం హాస్టల్ వంటగది దగ్గర కూర్చుని కామాటి బాబాయికి ఈ లెక్క అంతా చెప్పాము. నేల మీద బొగ్గుతో మిట్ట గీసి, కారు గీసి, ఆయనను గీసి చూపించాము. ఆయన చాలాసేపు ఆ గీతలు చూశాడు. "అయితే బాబూ, రోడ్డు మీద కూర్చోవడం నా తప్పేనని ఎనిమిదేళ్ల నుంచి అనుకుంటున్నాను. నిలబడి ఉన్నా అంతేనా?" అని అడిగాడు. నిలబడిన మనిషికి కూడా లెక్క వేశాము. ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే 71 మీటర్ల దూరం నుంచి తల కనిపించడం మొదలవుతుంది, కావలసింది 80 అని చెప్పాము. "సరే అయితే" అని లేచి, ఎసరు చూడటానికి లోపలికి పోయాడు.

తమ్ముళ్లారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లు అవుతారు. సూత్రాలు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కవచ్చు, మేమూ గట్టెక్కాము. కానీ ప్రతి అంకె దగ్గరా ఆగి, ఇది ఎక్కడి నుంచి వచ్చింది అని అడగండి. క్లాసులో చెయ్యి ఎత్తడానికి సిగ్గుపడకండి. 0.15 అన్న అంకె వెనక రోడ్డు మీద పడిన సంచి ఉంటుంది, దాన్ని ఏరుకునే మనిషి ఉంటాడు. మనం పుట్టిన ఇళ్లలోనివాళ్లే ఎక్కువగా ఆ రోడ్డు పక్కన నడుస్తారు. పటం గీసే చోట మనలో ఒకరు ఉంటే ఆ మనిషి లెక్కలోకి వస్తాడు.

మన హాస్టల్ ఇంకా ఎందరినో చదివించాలని కోరుకుంటూ సెలవు.